పెద్ద డ్రమ్మూ నా వీపూ

మా అమ్మాయికి డ్రమ్ము నేర్పడం కోసం దొరల పటాలాలుండే బెంగుళూరు దండు దాకా కాలినడకన పోయి, ఒక దొరతో బేరమాడి, ఇంగ్లండులో చేసిన డ్రమ్ము తెచ్చానని మనవళ్ళకు చెప్తుంటాను. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. మీతో మాత్రం నిజం చెప్తాను. చింతామణి నుంచి బాగేపల్లికి బస్సులో పోయాను, అదీ కిటికీ పక్కన కూర్చుని. దొర ఎవరూ లేడు. పెళ్ళిళ్ళకు బ్యాండు కట్టే ఒక ముసలాయన ఉన్నాడు. కొడుకులు వేరే పనుల్లో పడి మేళం ఆగిపోయింది. సామాను పశువుల కొట్టంలో గడ్డి కింద పడి ఉంది.

అరవైల మొదట్లో సంగతి. చింతామణి బజారులో శెనక్కాయలు, రాగులు మూటల లెక్కన కొని అమ్మే అంగడి నాది. అమ్మాయికి పదేళ్ళు. ప్రతి ఆగస్టు పదిహేనున ఇస్కూలు పిల్లలు జెండా పట్టుకుని తాలూకు కచేరి దాకా బజార్లలో నడుస్తారు. ముందు డ్రమ్ము పోతుంది. ఆ ముందు నడవాలని మా అమ్మాయి కోరిక. పోయి డ్రిల్లు మేష్ట్రును అడిగింది. ఇస్కూలుకు ఉన్నది ఒక చిన్న డ్రమ్మే, అది పెద్ద మగపిల్లలది. ఆయన ఏదో పనిలో ఉండి, వదిలించుకోవడానికి, "నీకు సొంతంగా ఉంటే తెచ్చుకో పాపా, పెట్టుకుంటాం" అన్నాడు. ఆ మాటను అది కొంగున మూట కట్టుకున్నట్టు ఇంటికి తెచ్చింది.

"నాయినా, డ్రమ్ముంటే చాలంట. నేర్పేదానికి నువ్వుండావు కదా!"

నా మెడకు ఉచ్చు పడింది అక్కడే. చిన్నప్పుడు బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించానని చింతామణికి వచ్చినప్పటి నుంచీ ఊరంతా చెప్పుకున్నాను. చిక్కబళ్ళాపురం పెళ్ళిళ్ళలో నేను దెబ్బ వేస్తే గుర్రం మీద పెళ్ళికొడుకు ఉలిక్కిపడి తలపాగా జార్చుకున్నాడనీ, నందిలో తేరు నా దెబ్బకే కదిలిందనీ చెప్పాను. పెళ్ళిచూపుల్లో మా ఆవిడకు చెప్పాను. అంగడికి వచ్చిన రైతులకు మూట తూచేలోపల చెప్పాను. మిట్టేమరి నుంచి వచ్చే ఒక పెద్దాయనైతే, "మళ్ళీ చెప్పప్పా ఆ గుర్రం కథ" అని అడిగి మరీ చెప్పించుకునేవాడు.

బాగేపల్లి ముసలాయన గడ్డి తీసి సామాను బయట పెట్టాడు. పెద్ద డ్రమ్ము ఒకటి, తాళ్ళు బిగించేది. ఒక పక్క తోలుకు జానెడు మాసిక ఉంది, రెండో పక్క బాగుంది. చిన్న డ్రమ్ముకు రెండు పక్కలా తోలే లేదు. తాళాల జత ఉంది, అందులో ఒకటి పగిలింది. ముసలాయన నన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఇంకా దీన్ని విడవవా నువ్వు?" అని పళ్ళు లేని నోటితో నవ్వాడు. ఎందుకు నవ్వాడో తరువాత చెప్తాను.

బస్సు పైన వేసి తెచ్చాను. బస్టాండు నుంచి ఇంటికి, ఆలోచించకుండానే పెద్ద డ్రమ్ము వార్లు రెండు భుజాలకూ తగిలించి వీపున వేసుకుని నడిచాను.

"మూటలకే జాగా లేదు, దీన్ని యాడ పెడతారు? నా నెత్తిన పెట్టండి" అంది మా ఆవిడ. అయినా తోలు లేని చిన్న డ్రమ్మును చూసి కొంచెం మెత్తబడింది. సాయంత్రానికి దాంట్లో ఉల్లిగడ్డలు పోసుకుంది.

మొదటి పాఠం డ్రమ్ము పైన చెప్పలేదు. అంగడి వెనక మూటల పైన చెప్పాను. రాగుల మూట మీద గుడ్డ చుట్టిన కర్రతో కొడితే దుమ్మని మెత్తగా మోగుతుంది. శెనక్కాయల మూట మీద కొడితే గలగలమని తప్పు బయటపడుతుంది. పొద్దున ఇస్కూలుకు పోయేముందు రాగుల మీద, వచ్చినాక శెనక్కాయల మీద. దుమ్ముకు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ కొట్టేది. వేలికి బొబ్బ లేస్తే గుడ్డ చుట్టుకుని కొట్టేది. "ఈపొద్దుకు చాలమ్మణ్ణీ" అని నేను అంటే, "నీకు చాలైతే నువ్వు పో నాయినా" అనేది.

పదో రోజుకు డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టాను. నన్ను వాయించి చూపించమంది. కర్ర తీసుకుని, గుర్రం కథలో లాగా చెయ్యి పైకెత్తి ఒక దెబ్బ వేశాను. అటక మీద నుంచి గుమ్మడికాయ పడినట్టు మోగింది.

"నువ్వు వాయించింది ఇదేనా నాయినా?"

"తోలు చెమ్మగిల్లిందమ్మా. వానాకాలం కదా!"

అది నమ్మి, శెనక్కాయ పొట్టు పోగేసి నిప్పు చేసింది. తోలు కాచాం. తాళ్ళు బిగించాం. మళ్ళీ కొట్టాను. ఈసారి బాగా కాగిన గుమ్మడికాయ పడింది.

ఇక దాచి లాభం లేదు. నేను ఆ బ్యాండులో డ్రమ్ము వాయించలేదు. మోశాను. పెద్ద డ్రమ్మును వాయించేవాడు మోయడు. ఒక కుర్రాడి వీపుకు కట్టి, వెనక నుంచి వాయిస్తూ నడుస్తాడు. నాన్న పోయిన తరువాత, చింతామణిలో మామ అంగడికి చేరకముందు, రెండు పెళ్ళిళ్ళ కాలాలు ఆ బాగేపల్లి ముసలాయన వాయిస్తుంటే ముందు నడిచిన కుర్రాణ్ణి నేను. ఆ డ్రమ్మూ ఇదే. కర్ర ఎలా పట్టుకుంటారో నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే డ్రమ్ము కూడా తిరుగుతుంది కదా!

ఈ ముక్క అమ్మాయికి చెప్పాలని నోటిదాకా వచ్చేది, మింగేవాణ్ణి. ఒకరోజు వాన కారుతోందని డ్రమ్మును పక్క గదిలోకి మార్చడానికి వీపున వేసుకున్నాను. అమ్మాయి ఊరుకుంటుందా, వెనక నుంచి రెండు దెబ్బలు వేసింది. నా నడుము నిటారుగా లేచింది. ఎడమకాలు తనంతట తాను ముందుకు పడింది.

"మళ్ళీ కొట్టు" అన్నాను.

కొట్టింది.

"ఆలస్యంగా వచ్చినావు. కాలు నేలకు తగిలేటప్పుడు పడల్ల, తగిలినాక కాదు. కొంచెం కింద కొట్టు. ఆ... అక్కడ. ఇప్పుడు రెండు విడివిడిగా, మూడు వెంటవెంటనే."

చెవికి తెలియనిదంతా వీపుకు తెలుసు. ఏ దెబ్బ ముందు పడిందో, ఏది పక్కకు జారిందో గోడ వైపు తిరిగి చెప్పగలిగాను. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాం. కాసేపటికి దెబ్బలు ఆగాయి.

"నాయినా, నువ్వు మోసేటోడివా?"

గోడ వైపే చూస్తూ, "ఊఁ" అన్నాను.

"మంచిదే. చెప్పనులే ఎవరికీ" అంది. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

ఇంకో వారంలో జెండా పండగ ఉందనగా డ్రిల్లు మేష్ట్రు అంగడికి వచ్చాడు. విన్నాడు. తల ఊపాడు. తరువాత డ్రమ్మును అమ్మాయి మెడకు తగిలించాడు. డ్రమ్ము వెనక పిల్ల కనబడలేదు. రెండడుగులు వేసి రాగుల మూటల్లో పడింది.

"బాగానే వాయిస్తాది, కాదనను. కానీ కచేరి దాకా నడిచి వాయించల్ల. ఎత్తలేకపోతే ఈసారికి వద్దప్పా. పెద్దదైనాక చూస్తాం."

"పెద్దదైనాక కాదు మేష్ట్రే, ఈసారే" అంది మూటల మధ్య నుంచి. "మోసేటోన్ని తెచ్చుకుంటా."

మా అంగడి హమాలీని అడిగాం. రెండు మూటలు ఒక్కసారే మోసేవాడు. కానీ హమాలీ నడక పరుగు లాంటిది, బరువు దించేదాకా ఆగదు. వాడు సందు చివరకు చేరేసరికి అమ్మాయి సగంలో ఉంది, కర్ర గాల్లో ఉంది. పట్టుకుని మెల్లగా నడిపిస్తే వాడికి అడుగు కుదరలేదు, దెబ్బలు నడుముకు తగిలాయి. "ఏమప్పా, నీ బిడ్డ డ్రమ్ముని కొడతాందా, నన్ను కొడతాందా?" అని దించేసి పోయాడు.

అమ్మాయి నా వైపు చూసింది.

"నువ్వే మోయి నాయినా."

"బజారంతా చూస్తాదమ్మా. నేను ఇన్నాళ్ళు చెప్పుకున్న మాట ఏమయ్యేది?"

"నేను చెప్పనంటి కదా, చెప్పను. కానీ ఈసారి నేను నడవల్ల."

మూడు రోజులు అన్నం ముట్టకుండా ఆలోచించానని చెప్తుంటాను. ఒక సాయంత్రం ఆలోచించాను, అందులో సగం కాఫీ హోటల్లో దోసె తింటూ. ఇన్నేళ్ళుగా గుర్రం కథ విన్న మొహాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చివరికి ఇంటికి వచ్చి వార్లకు ఆముదం రాసి మెత్తగా చేసుకున్నాను.

పండగనాడు మాసిక ఉన్న పక్క నా వీపుకు, మంచి పక్క బిడ్డకు పెట్టుకున్నాను. దానికి చెయ్యి అందాలని వార్లు వదులు చేసి, మోకాళ్ళు కొంచెం వంచి నడిచాను. మగపిల్లల చిన్న డ్రమ్ము పక్కన మా పెద్ద డ్రమ్ము, వెనక జెండా, ఆ వెనక ఇస్కూలు. మొదటి బజారు బాగానే గడిచింది. రెండో బజారు మలుపులో మిట్టేమరి పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా! వాయించే మొనగాడివి, మోస్తాండావే?"

దీనికి జవాబు ముందే తయారుగా పెట్టుకున్నాను. గురువు ముందు నడవాలి, శిష్యురాలు వెనక వాయించాలి అని చెబుదామనుకున్నాను. కానీ వీపు మీద బిడ్డ దెబ్బ పడుతుండగా అబద్ధం రాలేదు.

"వాయించినోన్ని కాదప్పా! అప్పుడూ మోసినోన్నే!"

అంగళ్ళ ముందు నవ్వులు లేచాయి. ఆ నవ్వులకు నా అడుగు తప్పింది. తరువాతి దెబ్బ గాల్లోకి పోయింది.

"నాయినా, ఎడమ!" అని వెనక నుంచి అరిచి, వెన్ను అదిరేలా వేసింది. ఎడమకాలు పడింది. మళ్ళీ తప్పలేదు.

కచేరి దగ్గర గవర్నరు మా అమ్మాయికి సెల్యూటు చేశాడని చెప్తుంటాను. గవర్నరు రాలేదు. తాలూకాకు పెద్ద అయిన అమల్దారు వచ్చాడు, అదీ ఆలస్యంగా. ఆయన వచ్చేదాకా మా అమ్మాయి కర్ర దించలేదు. డ్రిల్లు మేష్ట్రు దగ్గరికి వచ్చి, "వచ్చే సంవత్సరమూ ఇద్దరూ రండి" అన్నాడు.

మధ్యాహ్నం మా ఆవిడ భుజాలకు ఆముదం రాస్తూ ఉంటే, ఊరంతటికీ తెలిసినాక నీకెందుకు దాచాలని, మోసిన సంగతి మొదలుపెట్టాను.

"పెండ్లైన నెలకే తెలుసు నాకు" అంది. "వాయించేటోనికి బుజాల పైన వార్ల మచ్చలు యాడ వస్తాయి? పాపం చెప్పుకుంటాండాడులే అని ఊరుకున్నా. అది సరే, పిల్ల ఎట్ల వాయించె?"

"ఒక్క దెబ్బ కూడా తప్పలేదు."

ఆవిడ చెయ్యి భుజం మీదే ఆగింది.

"ఒక్కటి తప్పింది" అన్నాను. "రెండో బజారు మలుపు కాడ. అదీ నా కాలి తప్పే, దాని చేతిది కాదు."