ఎదురుకాళ్ల హవల్దార్

గోదావరి రేవు దగ్గర లారీ దిగేసరికి ఉదయం ఐదు నలభై. ముసురు. ధర్మపురికి ఎగువన నది మట్టిరంగులో పోతోంది. అవతలి ఒడ్డు, ఆదిలాబాద్ జిల్లా, కనిపించడం లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి ఏళ్లవి. మాది వరద డ్యూటీ: పదకొండు మంది, రెండు పడవలు, ఒక వైర్‌లెస్ సెట్టు. హవల్దార్‌ను నేను.

ఏడు గంటలకల్లా సెట్టును పడవలో ఎగువనున్న గుట్ట మీదికి చేర్చాలి. నీటిమట్టం గంటకోసారి కరీంనగర్‌కు చెప్పాలి. అదీ ఆర్డరు.

సెట్టూ బ్యాటరీ కలిపి ఇద్దరు మోయాల్సిన బరువు. రెండో మనిషిని నేను ఇసుక బస్తాలకు పంపాను. వైర్‌లెస్ జవాను ఒక్కడే మిగిలాడు. మందమర్రి వాడు, బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. పడవ అంచు మీదుగా వంగి, మోకాళ్లు వంచకుండా, నడుము పక్కకు తిప్పి బ్యాటరీ లేపాడు. "జల్ది కానియ్" అని అరిచింది నేనే.

మూడో రోజు వాడు బూటు లేసు కట్టుకోలేకపోయాడు.

"నడుముల నుంచి బొటనవేలు దాక గుంజుతుంది సాబ్. మడమ మొద్దువారింది."

"మీ బాపు బొగ్గుబాయిల జిందగీ అంత బరువులు మోసిండు. నీకు ఒక్క డబ్బాకే నడుము వోయిందా?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

నర్సింగ్ జవాను నన్ను పక్కకు పిలిచాడు. "ఉత్త నడుము నొప్పైతే ఫికర్ లేదు సాబ్. జర బరువులు బందువెట్టి, మెల్లగ తిరిగితే శానమందికి తగ్గుతది. గని ఇది కాలుకు దిగింది. దవాఖానకు పంపుదాం."

పంపితే సెట్టు మూగబోతుంది. నా డ్యూటీకి మచ్చ. దానికి తోడు నాకొక పొగరు ఉండేది. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అట్లా కాళ్లు ముందుగా వచ్చి పుట్టినవాడు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. చిన్నప్పటి నుంచి ఊళ్లోవాళ్లు నా ముందు బోర్లా పడుకునేవారు. పట్టిన నడుము దానంతటదే వదిలేది. పేరు నాకొచ్చేది.

"బోర్ల పండు. మూడు తొక్కులు," అన్నాను.

"వద్దు సాబ్."

"ఆర్డర్!"

టార్పాలిన్ మీద పడుకున్నాడు. నేను బూట్లు విప్పాను. నేను చూపిన దయ అంతే. మూడోసారి నా మడమ దిగినప్పుడు వాడు అరవలేదు. టార్పాలిన్‌ను గుప్పిళ్లతో పట్టుకున్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు వాడిని సెట్టు ముందు కూర్చోబెట్టాం. కబురు వాడే చెప్పాడు.

"కరీంనగర్, ఇది గుట్ట. నీళ్లు ఒక అడుగు వెరిగినయ్. ఆపరేటర్ పాదం లేస్తలేదు. ఓవర్."

"గుట్ట, హవల్దార్‌ను మాట్లాడమను. ఓవర్."

నేను అందుకున్నాను. "బెణికింది. ఫికర్ లేదు. ఓవర్."

మర్నాటి ఉదయానికి వాడికి మూత్రం ఆగిపోయింది. నర్సింగ్ జవాను నన్ను అడగలేదు. పడవలో వేసుకుని పోయాడు.

తర్వాత డాక్టరు నన్ను పిలిపించి చెప్పాడు. వెన్నుపూసల నడుమ ఉండే మెత్త పక్కకు జరిగి నరాలను నొక్కింది. కాలు పడిపోతున్నా, మూత్రం ఆగినా, ఒక్క గంట కూడా ఆగకుండా తేవాలి. "దీని మీద ఎవడన్నా తొక్కిండా?"

నేను టోపీ పెట్టుకుని బయటికి వచ్చేశాను.

ఆపరేషన్‌తో మూత్రం దారికొచ్చింది. పాదం రాలేదు.

ఊళ్లో ఇప్పటికీ నా గడప తొక్కుతారు. మొన్న నాట్లు వేసి వంగిపోయిన ఒకామె వచ్చింది. "కాకా, జర రెండు తొక్కులు తొక్కరాదే!" నాకు ఒళ్లు మండింది. "నా కాళ్లు మందు గాదు, పో!" అన్నాను. ఆమె మీదా నా కోపం? మళ్లీ పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. మోకాళ్లు వంచి బరువు ఎత్తు. పొట్టకు దగ్గరగా పట్టుకో. ఎత్తాక నడుము తిప్పకు, పాదాలు తిప్పు. పని మధ్య లేచి నిటారుగా నిలబడు. నొప్పి వచ్చిందని వారాల తరబడి మంచం పట్టకు. కాలు మొద్దుబారితే నా దగ్గరికి కాదు, దవాఖానకు పో.

ఆ ఏడు వరద డ్యూటీ ముగించుకుని నేను ఇంటికి బయలుదేరిన రోజే ఆ వైర్‌లెస్ జవానును సర్వీసు నుంచి పంపేశారు. కరీంనగర్ బస్సుల అడ్డాలో కనిపించాడు. చినుకులు. చేతికర్ర చంక కింద పెట్టుకుని సెల్యూట్ చేశాడు. నాకు!

"మీరు తొక్కిండ్రని ఎవ్వలకు జెప్పలే సాబ్."

మందమర్రి బస్సు వైపు నడిచాడు. ఎడమ బూటు ముందుకొన బురదలో ఈడ్చుకుపోతోంది. నా కాళ్ల దగ్గర మొదలైన గీత బస్సు మెట్టు దాకా పోయింది. వాన నీళ్లు మెల్లగా అందులో నిండాయి.