సాగనంపని పాట

మొన్న ఖానాపురం హవేలిలో మా కాలనీవారు సర్వమత ప్రార్థన ఒకటి ఏర్పాటు చేసి, వయసులో పెద్దవాడినని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, అచ్చువేసిన కార్యక్రమ పత్రం చేతికిచ్చారు. భజనకు మూడు నిమిషాలు, ముస్లింల నాత్ గీతానికి మూడు, క్రైస్తవ గీతానికి మూడు, ‘గిరిజన గీతం’ అన్నదానికి రెండు, మౌనానికి ఒకటి అని అందులో ఉంది. ఆ గిరిజన గీతాన్ని సెల్‌ఫోనులో వినిపించి, డోలు ఇంకా మోగుతుండగానే వేలితో నొక్కి ఆపేశారు. నేను లేచి, అలా మధ్యలో ఆపకూడదని గట్టిగానే అన్నాను. నిర్వాహకుడైన యువకుడు నవ్వుతూ భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆ కోపం ఇంటికి వచ్చినా చల్లారలేదు. అయితే ఒకప్పటి మా సంఘం మినిట్స్ పుస్తకం తీసి చూసుకున్నాక, ఆ కోపంలో సగానికి పైగా నా మీద నాకున్న కోపమేనని ఒప్పుకోవలసి వచ్చింది.

ఇల్లందులో గుమాస్తాగా చేరిన తొలి సంవత్సరాల్లో నేనొక చిన్న ప్రార్థన సంఘానికి కార్యదర్శిని. ఎవరి మతాన్ని వారు వదులుకోనక్కర లేకుండా, ఏ మతానికీ పెద్దపీట వేయకుండా, ఆదివారం పొద్దున రేకుల షెడ్డులో చాపల మీద కూర్చుని ఒకరి పాట ఒకరు విని, ఆపైన అయిదు నిమిషాలు మౌనంగా ఉండటమే మా ఆరాధన. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన మా అధ్యక్షులు. హాజరు సంతకాలు తీసుకోవడం, తలలు లెక్కపెట్టి వాటితో సరిచూడటం, పాటకు ఎనిమిది నిమిషాలు కాగానే ఇత్తడి గంట కొట్టడం నా పనులు. ఆ నియమం నేను రాసిందే. కీర్తనైనా, ఫకీరు తత్వమైనా, చర్చి పాటైనా అందరికీ ఒకటే కొలత. సమానత్వమంటే అదేనని అప్పట్లో నా గట్టి నమ్మకం.

మా షెడ్డు ఊడ్చి, చాపలు పరిచి, తానూ మాతో కూర్చునే ఆమె కోయగూడెం మనిషి. బొగ్గుబాయిలో పనిచేసే ఆమె భర్త జ్వరం తగిలి దవాఖానాలోనే పోయాడు. వాళ్ళ గూడెం ఆచారంలో పోయినవాణ్ణి పాటతో పిలిచి, అయినవాళ్ళ మధ్య కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ పాటతోనే పెద్దల దగ్గరికి సాగనంపాలి. అది జరగలేదన్న దిగులు ఆమెను తినేస్తుండేది. తనకు అయినవాళ్ళంటే ఈ చాపల మీది వాళ్ళేనని, ఆ పాట ఇక్కడే పాడించమని అడిగితే అధ్యక్షులు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆమె భర్తకు మేనమామ వరసయ్యే ముసలాయన చండ్రుగొండ అవతలి అడవి నుంచి డోలు భుజాన వేసుకుని బస్సులో వచ్చాడు.

పాట కోయ భాషలో సాగింది. అర్థం తెలియని నాకు ఏది మొదలో ఏది చివరో తెలియలేదు. ఎనిమిది నిమిషాలు కాగానే గంట కొట్టాను. ముసలాయన చేయి డోలు మీదే ఆగిపోయింది.

“పిలిచిన సారూ, వచ్చిండు. ఇంకా తోలియ్యలే,” అన్నాడు.

మిగతాది వచ్చే ఆదివారం పాడవచ్చునని, తరువాత కీర్తన ఉందని చెప్పాను.

“వచ్చినోణ్ణి వారం దాకా నిలబెడ్తవా? టైముకు లేపి తోలనీకి గిదేం బస్సా?” అని ఆయన మెల్లగా నవ్వి, తెగిన పాటను నడిమిట్ల అందుకునే వీలు లేదని చెప్పి, డోలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటి మౌనంలో ఎప్పటిలాగే తలలు లెక్కపెట్టాను. ఇరవై రెండు వచ్చాయి. సంతకాలు ఇరవై ఒకటి. పేరుపేరునా చూస్తే ఇరవై ఒకటే. వేలు పెట్టి లెక్కిస్తే ఇరవై రెండు. అధ్యక్షులను లెక్కించమంటే ఆయనకూ అంతే వచ్చింది. మరుసటి వారం కూడా తలలు సంతకాల కంటే ఒకటి ఎక్కువ. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత చోటు, ఎవరూ చెప్పకుండానే, అందరూ వదిలి కూర్చుంటున్నారు. మూడో వారం, జరిగింది ఏమాత్రం తెలియని కొత్తాయన ఒకరు ఆలస్యంగా వచ్చి, ఆ ఖాళీ దాకా నడిచి, వెనక్కి తిరిగి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. తరువాత అడిగితే, అక్కడ ఒకాయన ఉన్నారు కదండీ అన్నాడు. పట్టపగలు, ఎండ రేకుల మీద పెళపెళలాడుతున్న వేళ, నా చేతిలోని కలం చల్లబడినట్టు అనిపించింది.

ఆమె పనికి పోవడం మానేసిందని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు కంచాల్లో అన్నం పెట్టుకుని, రెండోది ముగిసేదాకా తాను ముట్టకూడదన్నట్టు కూర్చుని ఉంది. మనిషి సగమైంది. “దారి సూపకుంటె ఎటు పోతడు సారూ?” అంది. ఆ రెండో కంచం పక్కన చెంబులో నీళ్ళు సగానికి తగ్గి ఉండటం చూశాను. ఎండకు ఆవిరయ్యాయని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఇంకో వారం నా నియమమే నియమమని వాదించానంటే, ఇవాళ రాస్తుంటే సిగ్గుగా ఉంది. చివరకు అధ్యక్షులే, ఆమె ఇలాగే పస్తులుంటే మన సమానత్వం ఎవరికోసమని అడిగితే, అయిదో ఆదివారం ఆమెను తీసుకుని ముసలాయన ఉండే గూడేనికి బయలుదేరాను.

“గంట తెచ్చినవా సారూ?” అని పలకరించాడు ముసలాయన. తేలేదు పెద్దయ్యా అన్నాను. ఆపినవాడే అడగాలట. అందరి ముందూ కూర్చుని, పోయిన మనిషి పేరు చెప్పి, పాట మొదటి నుంచీ పాడమని వేడుకున్నాను. పొద్దున మొదలైన పాట ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగింది. చివర్లో డోలు నా ముందు, చేయి చాపితే అందేంత దూరంలోనే మోగుతున్నది. చప్పుడు మాత్రం చెట్ల మధ్య నుంచి, అడుగు తరువాత అడుగుగా, అడవి లోపలికి నడిచి వెళ్ళిపోతున్నట్టు వినిపించింది. అది పూర్తిగా వినపడకుండా పోయాకనే ముసలాయన చేయి ఆగింది. ఆమె అక్కడే, ఒక్క కంచంలో, అన్నం తిన్నది.

మరుసటి ఆదివారం తలలు, సంతకాలు సరిపోయాయి. తప్పు నాదేనని మినిట్స్‌లో రాసి, ఎనిమిది నిమిషాల నియమం కొట్టివేసి, నన్ను క్షమించమని ఆమెను అడిగాను. ఆమె చాప దులుపుతూ, నా వైపు చూడకుండానే, “నువ్వు గంట గొట్టబట్టే నెల్రోజులు నాకాడ ఉన్నడు. ఇల్లిప్పుడు బోసిగున్నది సారూ,” అంది. ఆ మాటను మినిట్స్‌లో ఎలా రాయాలో తెలియక వదిలేశాను.

గంట కొట్టడం మానేశాక మా పాటలు పొడుగయ్యాయి, తీరికలేనివారు ఒక్కొక్కరే తగ్గిపోయారు, కొన్నేళ్ళకు సంఘమే లేకుండా పోయింది. ఇప్పుడు ప్రార్థనలన్నీ వేళకు ముగుస్తున్నాయి, పాటను ఎక్కడ తెంచినా ఎవరికీ ఏమీ కావడం లేదు. పిలిస్తే వచ్చి కూర్చునేవారు ఇప్పుడు లేకనా, మనం నిజంగా పిలవడం మానేసినందుకా అన్నది నాకు తెలియడం లేదు.