ఓటీపీ కొలిచిన అవ్వ

ఒట్టు వేయమంటే వేస్తాను. ఎవరి మీద వేయాలో మీరే చెప్పండి. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారిని. అతిశయోక్తి గురించి పాఠం చెప్పి జీతం తీసుకుంటాను గానీ, ఇప్పుడు చెప్పబోయే దాంట్లో అతిశయోక్తి లేదు. ఉన్నది ఉన్నట్టు... స్వభావోక్తి. నమ్మకపోతే నమ్మకండి. పగటిపూట నాకూ నమ్మకం కుదరదు.

మాది పలమనేరు. ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య సుజాత, మా అమ్మాయి నందిని. పేరుకు తగ్గట్టు పశువుల డాక్టరు అవుతానంటుంది నందిని. చిన్నప్పటి నుంచీ అదే మాట. పక్కింటి ఆవు ఈనుతుంటే పరీక్ష మానేసి చూస్తూ కూర్చున్న పిల్ల. మంచి ర్యాంకే వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే పని. అడ్మిషన్ల వెబ్‌సైటులోకి వెళ్ళి, ఏ కాలేజీలు కావాలో వరసగా పెట్టి, సబ్మిట్ నొక్కాలి. ఆఖరు రోజు రాత్రి పన్నెండు లోపల. దాటితే ఆ ఏడాదికి సీటు లేదు.

మరి ఆఖరు రోజు దాకా ఎందుకు ఆగారంటారా? నా తెలివి. పగలు అందరూ మీద పడతారు, రాత్రయితే సైటు ఖాళీగా ఉంటుందని నేనే చెప్పాను. తిరుపతి కొండమీద క్యూలైను లెక్క వెబ్‌సైటుకు వేశాను.

రాత్రి పదింటికి లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ ఏంది నాయనా?" అంది నందిని.

"గుర్తులేదు," అన్నాను.

"గుర్తు లేకుంటే ఎట్ల?"

"అది కాదమ్మా. పాస్‌వర్డే 'గుర్తులేదు'. ఎవరైనా అడిగితే నిజం చెప్పినట్టూ ఉంటుంది, దొంగకు దొరకనట్టూ ఉంటుందని..."

సుజాత నావైపు చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆ చూపు నాకు తెలుసు. "సూడు, ఈ మనిషి తెలివి సూడు," అంది గోడతో.

ఇంగ్లీషు అక్షరాల్లో 'గుర్తులేదు'ను ఎలా రాశానో మాత్రం నిజంగానే గుర్తులేదు. టీ పక్కన హెచ్ ఉందా... లేదా... 'లే'కు ఈ ఒకటా, రెండా... మూడుసార్లు కొట్టాం. మూడుసార్లూ ఎర్రటి గీత. పాస్‌వర్డ్ తప్పు, ఓటీపీతో లోపలికి రండి అంది. ఓటీపీ ఏ ఫోనుకు పంపుతుందో కింద చివరి రెండు అంకెలు చూపించింది. సున్నా, ఎనిమిది.

అది నా తడ నంబరు.

రెండేళ్ళ క్రితం తడలో ఒక స్కూల్లో పనిచేశాను. అప్పుడు తీసుకున్న సిమ్ అది. నందిని పదోతరగతి పాసయ్యాక స్కాలర్‌షిప్ కోసం ఈ ఖాతాను ఆ నంబరు మీదే తెరిచాను. పలమనేరు వచ్చేశాక రీఛార్జి చేయలేదు. సిమ్ చచ్చిపోయింది. పోనీ కొత్త ఖాతా తెరుద్దామంటే, ఈ అమ్మాయి ఆధార్ మీద ఇప్పటికే ఒకటి ఉంది, ఇంకొకటి కుదరదంది. హెల్ప్‌లైను సాయంత్రం ఆరుకే మూసేశారు.

పేరు లాగిన్. ఎంత లాగినా రాలేదు.

పదకొండయింది. సుజాత తన ఫోను నుంచి ఆ పాత నంబరుకు చేసింది. ఎవరికైనా ఇచ్చి ఉంటే బతిమాలుకుందామని. 'మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు.' మళ్ళీ చేసింది. ఉపయోగంలో లేదు. మళ్ళీ... నందిని ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, స్క్రీను మూలన ఉన్న గడియారాన్నే చూస్తూ కూర్చుంది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటోంది. బెంగళూరు బస్సు ఒకటి రోడ్డు మీద పోయింది.

పదకొండూ ముప్ఫై ఎనిమిది.

నా ఫోను తీసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. ఇంకేం చేయాలో తెలియక. నా పాత నంబరుకు నేనే ఫోన్ చేసుకున్నాను.

రింగయింది.

ఒట్టండీ... రింగయింది.

మూడో రింగు సగంలో ఎవరో ఎత్తారు. మాట లేదు. ఒక శబ్దం మాత్రం. సర్ర్... ఆగింది. సర్ర్... మళ్ళీ ఆగింది. సిగ్నలు బాగాలేదనుకుని స్పీకరు పెట్టాను.

"హలో... ఎవరండీ?"

"ఆఁ... చెప్పు నాయనా."

ముసలామె గొంతు. మా ఇంట్లో నాయన అంటే నేనే కాబట్టి, ఒక్క క్షణం నందిని పిలిచిందేమోనని అటు తిరిగాను. నందిని నోరు తెరవలేదు. ఫోనువైపు చూస్తోంది.

ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించి మరీ మాట్లాడాను, అవతల కనిపిస్తుందన్నట్టు.

"అవ్వా, ఆ నంబరు ఒకప్పుడు నాది. నీ ఫోనుకు ఒక మెసేజీ వస్తుంది. ఆరు అంకెలుంటాయి. అది చదివి చెప్తావా అవ్వా? నా బిడ్డ చదువు..."

"రాసుకో."

"ఇంకా రాలేదవ్వా, మేము ఇంకా..."

"రాసుకో నాయనా. నాలుగు..." సర్ర్... "లాభం..." సర్ర్... "ఆరున్నొకటి..." సర్ర్... "రెండు..." సర్ర్... "తొమ్మిది..." సర్ర్... "మూడు."

చేతికందిన కరెంటు బిల్లు వెనక రాసేశాను. లాభం అంటే దీవెన అనుకున్నాను. పెద్దవాళ్ళు మధ్యమధ్యలో అంటారు కదా, శుభం, లాభం అని. నాలుగు, ఆరు, ఒకటి, రెండు, తొమ్మిది, మూడు. సరిగ్గా ఆరు అంకెలు. నందిని 'ఓటీపీ పంపు' నొక్కింది. ఆరు ఖాళీ గళ్ళు వచ్చాయి. నింపింది.

తప్పు. ఇంకా రెండు ప్రయత్నాలు. అవీ పోతే ఇరవై నాలుగు గంటలు ఖాతాకు తాళం.

"అవ్వా, కొత్తది వచ్చిందేమో చూడవ్వా. ఇందాకటిది పాతదేమో."

"అదే నాయనా. చెప్పినా కదా." మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు... లాభం... ఆరున్నొకటి... అదే వరస. మధ్యలో అదే సర్ర్... సర్ర్...

అప్పుడు సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"ఆమె సదవడం లేదండీ," అంది గుసగుసగా. "కొలస్తా ఉండాది."

"ఏంది?"

"ఆ సప్పుడు... గింజలు పోసే సప్పుడు. మా నాయన వడ్లు కొలిసేటప్పుడు ఒకటి అనడు. లాభం అంటాడు. లాభం, రెండు, మూడు... లాభమంటే ఒకటి."

ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. తెలుగులో ఒకటికి ఇంకో పేరుందని ఆ రాత్రి తెలిసింది. సిగ్గుపడటానికి టైము లేదు. లాభం చోట నందిని ఒకటి కొట్టింది. నాలుగు, ఒకటి, ఆరు, ఒకటి, రెండు, తొమ్మిది... గళ్ళు అయిపోయాయి. మూడుకు చోటు లేదు. ఆరో గడి నిండగానే దానంతటదే వెళ్ళిపోయింది.

తప్పు. ఇంకొక్కటే ప్రయత్నం.

పదకొండూ నలభై ఆరు.

"ఆరున్నొకటి అంటే... ఆరూ ఒకటీ కాదా?" అన్నాను.

సుజాత కళ్ళు మూసుకుంది. వాళ్ళ నాయన కళ్ళం గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది. "ఏడు అనకూడదండీ కొలిసేటప్పుడు. ఏడు అంటే ఏడవమన్నట్టు. ఇంటికొచ్చే గింజల దగ్గర ఆ మాటెందుకని, ఆరున్నొకటి అంటారు."

ఏడు.

నాలుగు, ఒకటి, ఏడు, రెండు, తొమ్మిది... ఆఖరి గడి దగ్గర నందిని వేలు గాల్లో ఆగిపోయింది.

"నాయనా... కొట్టేదా?"

"కొట్టమ్మా."

చిన్న చక్రం తిరిగింది. తిరిగింది... ఇంకా తిరిగింది...

తెరుచుకుంది.

పైన నందిని పేరు. పక్కన పదోతరగతి ఫోటో, రెండు జడలతో. నేను ఏడు అంకెను తలుచుకోకుండానే ఏడ్చేశాను.

"తెరుచుకుందవ్వా! నీ కడుపు చల్లగుండ!"

సర్ర్ శబ్దం ఆగింది. అది ఇల్లంతా నిండి ఉందని, ఆగాకే తెలిసింది. ఫ్రిజ్ చప్పుడు కూడా లేదు.

"తెరుచుకుందా నాయనా?" అంది. అంతదాకా లేని ఆత్రం గొంతులో. "అయితే నేనూ వస్తా."

ఫోన్ కట్టయింది.

ఆలోచించే తీరిక ఎక్కడిది? నందిని వేళ్ళు పరుగెత్తాయి. తిరుపతి కాలేజీ మొదట, మిగతావి తర్వాత. పదకొండూ యాభై ఆరుకు సబ్మిట్. పచ్చటి గీత వచ్చింది. సుజాత నందిని తల నిమురుతూ ఉండిపోయింది. ఎవరం లేవలేదు. కాసేపటికి నందినే అంది, స్క్రీను మీద నుంచి కళ్ళు తిప్పకుండా...

"నాయనా. నేను 'ఓటీపీ పంపు' నొక్కింది ఆమె అంకెలు చెప్పినాక కదా?"

కరెంటు బిల్లు నా చేతిలోనే ఉంది. అవును. ముందు రాసుకున్నాను. తర్వాతే తను నొక్కింది. అప్పటికి ఆ ఓటీపీ ఎక్కడా పుట్టలేదు.

వెంటనే ఆ పాత నంబరుకు ఫోన్ చేశాను. 'ఉపయోగంలో లేదు.' నా కాల్స్ జాబితా చూస్తే మాత్రం ఆ కాల్ ఉంది. తొమ్మిది నిమిషాలు.

"ఇదేంది?" అంది సుజాత, స్క్రీను అడుగున వేలు పెట్టి. సన్న అక్షరాల్లో ఒక వాక్యం. ఈ ఖాతా ఒక ఫోనులో కూడా తెరిచి ఉంది. పక్కన సమయం. పదకొండూ నలభై ఎనిమిది. ఫోన్ కట్టయిన నిమిషం.

మా స్కూల్లో లెక్కల సారుకు చెప్పాను. ఆయన నవ్వాడు. "నంబరు ఎవరికో పోయుంటుందప్పా. నెట్‌వర్కు ఒకసారి తగుల్తుంది, ఒకసారి తగలదు. గాబరాలో ముందు వెనకలు మారిపోయుంటాయి నీకు," అన్నాడు. అయి ఉండొచ్చు. ముగ్గురికీ ఒకేలా మారాయేమో.

సీటు తిరుపతిలోనే వచ్చింది. నందిని హాస్టల్లో ఉంది, బాగానే చదువుతోంది. హాల్‌టికెట్టు, స్కాలర్‌షిప్, అన్నీ ఆ ఖాతాలోనే. చదువు అయ్యేదాకా అదే. ఆ సన్న వాక్యమూ అలాగే ఉంది. ఒక ఫోనులో కూడా తెరిచి ఉంది.

అడ్మిషన్ల ఆఫీసుకు పోయి నంబరు మార్పించుకోవచ్చు కదా అంటారు. పోయాను. కౌంటరులో ఉన్నాయన మంచివాడు. "మారుస్తా సార్. పాత నంబరుకు ఓటీపీ పోతాది, అది చెప్పండి సాలు," అన్నాడు.

వాక్యం కింద ఒక బటన్ ఉంది. 'అన్ని చోట్ల నుంచీ బయటికి పంపు.' ఎన్నో రాత్రులు దాని మీదికి వేలు తీసుకుపోయాను. నొక్కితే ఆమె పోతుంది. మేమూ పోతాం. మళ్ళీ లోపలికి రావాలంటే ఓటీపీ కావాలి... ఆమెనే అడగాలి. ఎత్తుతుందో లేదో తెలియదు.

ఎత్తితే ఏమంటుందో... అది ఇంకా తెలియదు.