ఇంటికి పోయే బాణీ

మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ల నాన్న, పోయిన మంగళవారం కాలం చేశారు. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, పేపరు ఇంకా రాలేదని విసుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. లాల్‌దర్వాజాలో మా గల్లీ వాళ్లకు ఆయన బ్యాండు మాస్టర్. పోయినవాళ్ల గురించి పేపరులో ఈ పేజీలో రాస్తారని పక్కింటి అక్క చెప్పి, కాగితాలు కూడా తెచ్చి ఇచ్చింది. నేను చదివింది ఐదో తరగతి. పెళ్లయ్యాక పాలప్యాకెట్ల లెక్క తప్ప ఏదీ రాయలేదు. నా అక్షరాలు ఒకటి పైకి పోతే ఒకటి కిందికి పోతుంది. ఒత్తులు ఎక్కడ మర్చిపోయానో నాకే తెలియదు. అచ్చు వేసేవాళ్లు దిద్దుకోండి, చదివేవాళ్లు మన్నించండి.

ఆ రోజు మధ్యాహ్నానికి మామయ్య దగ్గర నేర్చుకున్న బ్యాండు వాళ్లంతా ఎర్ర కోట్లు తొడుక్కుని వచ్చారు. మా ఆయన అన్న, అంటే మా బావ, సైదాబాద్ నుంచి వచ్చి అన్నీ తనే చూసుకుంటున్నాడు. క్లారినెట్ వాయించే అన్నను పక్కకు పిలిచి, "ఏడుపొచ్చే పాట ఏదన్న వాయించు అన్నా. బాపు పెద్దమనిషి. ఇజ్జత్‌గ సాగనంపుదం" అన్నాడు. ఆ అన్న కళ్లు తుడుచుకుంటూ తల ఊపాడు.

నేను లోపలి గది పరదా వెనుక నిలబడి విన్నాను. తాను పోయిన రోజు ఏ బాణీ వాయించాలో మామయ్య నాకు చెప్పి ఉన్నారు. నాకొక్కదానికే. ఆ గల్లీలో మగవాళ్ల ముందు అప్పటిదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. పాడె లేచేలోపు బయటికి వెళ్లి చెప్పకపోతే, ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క పని జరగకుండా పోతుంది.

ఆయన ఎట్లాంటి మనిషో ముందు చెప్పాలి.

సాయంత్రం ఎండ తగ్గగానే ఎదురింటి గాజుల దుకాణం చాచా తన స్టూలు తెచ్చి మా గడప ముందు వేసుకునేవారు. బేరం వస్తే దుకాణంలోకి, లేకపోతే మా ముందుకు. మామయ్య గడప మీద కూర్చునేవారు. ఇద్దరికీ నడుమ పేపరు.

"ఏమంటున్నరు మాస్టర్ సాబ్ నీ లీడర్లు?" అని చాచా మొదలుపెట్టేవారు.

"నా లీడర్లు ఏంది భాయ్? నేను అందరికి వాయించిన. పొద్దుగాల వీళ్ల ర్యాలీ, పొద్దుమూకంగ వాళ్ల ర్యాలీ. టోపీ మార్చుడే, పాట గదే."

"శరం లేదా?"

"నాకెందుకు శరం? నేను టోపీ మార్చిన. ముందల నడిచేటోడు పార్టీనే మార్చిండు."

ఒకసారి ఒక నాయకుడు నామినేషన్ వేయడానికి ఊరేగింపుగా బయల్దేరాడట. అంతకు ముందు వరసగా పెళ్లిళ్లు వాయించి బ్యాండు వాళ్ల ఒళ్లు హూనమై ఉంది. మామయ్య వేళ్లు అలవాటుకొద్దీ అప్పగింతల బాణీ ఎత్తుకున్నాయి, పెళ్లికూతురును అత్తారింటికి పంపేటప్పుడు వాయించేది. ఏం జరుగుతోందో తెలియకుండానే నాయకుడి వెనుక నడిచే ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారట. ఆ ఎన్నికల్లో నాయకుడు ఓడిపోయాడు.

"పాపం, ఓట్లు తక్కువైతే ఓడలే ఆయన. నువ్వే ముందుగాల సాగనంపినవ్" అని చాచా ఎప్పుడూ ఎత్తిపొడిచేవారు.

"మంచిదే అయింది కద. ఓడినందుకు బుద్ధిగ ఇంట్ల కూసున్నడు. గెలిచినోడు ఇంటికొస్తడా?" అనేవారు మామయ్య.

నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పరదా వెనుక నిలబడి ఇవి వింటూ, నవ్వు బయటికి రాకుండా కొంగు నోట్లో పెట్టుకునేదాన్ని. మామయ్య కనిపెట్టారు. ఒకరోజు పాలప్యాకెట్ ధర పెరగడానికి కారణం ఎవరని ఇద్దరికీ తగువు తెగలేదు. అప్పుడు లోపలికి వినపడేటట్టు ఒక షరతు పెట్టారు: "మా కోడలు మాట్లాడదు గాని మంచి చెడు ఎరుక. చాయ్ తెస్తది కద, ఎవల కప్పు ముందుగాల ఇస్తే వాళ్లది గెలుపు."

తల వంచుకుని వెళ్లి చాచాకు ముందు ఇచ్చాను. ఎందుకంటే ఆ రోజు చాచా చెప్పిందే నిజమని నాకు తోచింది.

మామయ్య ముఖం వెలిగిపోయింది. "చూసినవా భాయ్? సొంత మామకే వ్యతిరేకంగ ఓటేసింది. గిట్లుండాలె" అన్నారు.

అప్పటి నుంచి మా గడప ముందు రోజూ ఓటింగే. చాచా దుకాణం నుంచి కొత్త గాజులు తెచ్చి, "బిడ్డా, మాల్ ఇయాలనే దిగింది, చెయ్యి సైజు చూసుకో" అని గడప మీద పెడితే, "ఓటుకు రిష్వత్ ఇస్తున్నవా? ఈ గడపల ఎలక్షన్ కోడ్ ఉంది, తియ్ తియ్" అనేవారు మామయ్య. చాచా తీసేవారు కాదు. ఒక్కోసారి నాకేమీ తోచక రెండు చేతులతో రెండు కప్పులు ఒకేసారి చాపితే, "ఎవ్వలికి మెజారిటీ రాలే. మల్ల మాట్లాడుకోవాలె" అని ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవారు.

పుట్టింట్లో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అడగాలని తోచలేదు, అంతే. మామయ్య మాత్రం చాయ్ కప్పుతో అయినా సరే, నా అభిప్రాయం ఏమిటని రోజూ అడిగారు.

డబ్బు ముచ్చట వస్తే ఆయనకు ఇంకా హుషారు. పాత రోజుల్లో పెళ్లి ఊరేగింపు బరాత్‌లో నోటు తీసి పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి, దిష్టి తీసి, బాకా మూతిలో పెట్టేవారట. ఆ నోట్లు బయటికి తీసేదాకా బాకా గొంతు బొంగురుపోయేదట. ఇప్పుడు డ్రమ్ము మీదే స్కానర్ బొమ్మ అతికిస్తున్నారు.

"ఫోను పట్టుకొని పిల్లగాని తల సుట్టు తిప్పుతున్నరు భాయ్. గా దిష్టి యాడికి పోతది చెప్పు?"

"బ్యాంకుకు పోతది" అన్నారు చాచా.

"అందుకేనా ఆ కౌంటర్ల కూసున్నోళ్ల ముఖాలు గట్లుంటయి."

లోపలి నుంచి అత్తమ్మ, "పైసల ముచ్చట్లు చెప్పేటోని తాన పైసలుండయ్, పైసలున్నోడు ముచ్చట్లు చెప్పడు" అనేది. ఆమె ఈ సభకు ఎన్నడూ బయటికి రాలేదు. మామయ్య వెంటనే, "గల్లపెట్టెల పైస, బాకాల గాలి, రెండు ఆపుకుంటే పాట రాదే" అని జవాబిచ్చేవారు. ఆ మాట నాకు ఇష్టం. నెలాఖరులో పర్సు తెరిచినప్పుడల్లా అనుకుంటాను.

ఆయన క్లారినెట్ వాయిస్తుంటే నేను ఒక్కసారి కూడా వినలేదు. నేను కాపురానికి వచ్చేనాటికే ముందు పళ్లు పోయాయి, పళ్లు లేకపోతే క్లారినెట్ మూతికి పట్టు దొరకదట. కట్టుడు పళ్లు పెట్టించుకుని ఒక పెళ్లికి వెళ్లారట. పాట పై స్థాయికి పోయే చోట గట్టిగా ఊదితే పళ్ల సెట్టు క్లారినెట్‌ను కరుచుకుని బయటికి వచ్చేసింది. "పెండ్లికొడుకు గుర్రం మీద నుంచి కిందపడ్డంత పని చేసిండు నవ్వలేక" అని తానే చెప్పేవారు. ఆ తర్వాత క్లారినెట్ శిష్యుడికి ఇచ్చేశారు. పాట మాత్రం పోలేదు. మునివేళ్లతో మోకాలి మీద మీటలు నొక్కుకుంటూ పెదవుల మధ్య సన్నగా కూనిరాగం తీసేవారు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మామయ్య, చాచా గడప దగ్గర చేరారు, గాలి కోసం నేనూ లోపలివైపు కూర్చున్నాను. మాటల్లో చావు ముచ్చట వచ్చింది.

"మాకు బాజా ఉండదు. చప్పుడు గాకుంట పోతం. నీకైతే మస్తు లొల్లి ఉంటది మాస్టర్ సాబ్" అన్నారు చాచా.

"ఏడుపు పాట వాయించిండ్రనుకో, పాడె మీద లేచి కూసుంట. అడ్వాన్స్ వాపస్ ఇయ్యమంట."

ఇద్దరూ దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఇంతలో అజాన్ వినపడి చాచా నమాజుకు వెళ్లారు. మామయ్య నా వైపు తిరిగారు.

"నవ్వులాటకు అన్లే బిడ్డా. నిజంగనే వద్దు నాకు. బతికినన్నాళ్లు వేరేటోళ్లు అడిగిన పాటలే వాయించిన. ఏడ్వమంటే ఏడ్పించిన, ఎగరమంటే ఎగిరిపిచ్చిన. పెండ్లి అయిపోయి, పైసలు చేతికొచ్చినంక, తెల్లారంగ మేం నడుసుకుంట ఇంటికొచ్చేటోళ్లం. గప్పుడొక బాణీ వాయించుకునేటోళ్లం. ఎవ్వడు అడగలే, ఎవ్వడు పైసలియ్యలే. మాకోసం మేం. దానికి పేరు సుత లేదు. నాకు గది కావాలె."

"ఇప్పటోళ్లకు రాదా మామా?" అని మెల్లగా అడిగాను.

"వీళ్లు ట్రాలీ ఆటోలెక్కి పోతరు. నడిస్తే కద వచ్చేది."

ఆయన ఆ బాణీ కూనిరాగం తీశారు. అందులో తొందర లేదు, దిగులు లేదు. కాళ్లు అలిసినవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నడిచినట్టు ఉంది. నా చేత కూడా తీయించారు. తప్పిన చోట ఆపి మళ్లీ చెప్పించారు. "అన్నదమ్ములకు చెప్తె మరుస్తరు. నువ్వు ఎక్కువ మాట్లాడవు కద, నీ లోపల జాగ ఉంటది" అన్నారు.

ఆ జాగలోనే ఉంది బాణీ, మంగళవారం మధ్యాహ్నం కూడా. మా ఆయన నీళ్ల బిందె కోసం లోపలికి వస్తే చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆయన ఏడ్చి ఏడ్చి ఉన్నాడు. "నాకు ఆ పాట తెల్వది. నేనేమని చెప్పాలె? నువ్వే చెప్పు" అన్నాడు. కోపంగా అనలేదు.

పాడె కట్టడం అయిపోయింది. డ్రమ్ము అన్న బెల్టు మెడలో వేసుకున్నాడు. నేను కొంగు తల మీదికి లాక్కుని పరదా దాటాను. గడప దాటాను. గల్లీ నిండా మగవాళ్లు. అందరూ నన్ను చూస్తున్నారని తెలుస్తోంది. నేను మాత్రం మామయ్య పాదాల వైపే చూశాను.

"మామ వేరే పాట అడిగిండు అన్నా" అన్నాను క్లారినెట్ అన్నతో.

"ఏ పాట వదినా?"

పేరు లేని పాటకు ఏం పేరు చెప్పను? కళ్లు మూసుకుని తీశాను. మొదటి వరస గాలిలాగే వచ్చింది. ఎవరో "గట్టిగ తల్లీ" అన్నారు. రెండోసారి గొంతు వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఇదేంది, ఏడ్చినట్టు లేదు, పెండ్లి పాటలెక్క లేదు" అన్నాడు బావ. నా మీద కోపం లేదు, ఆయనకు పాలుపోలేదు.

చాచా దుకాణం మెట్టు మీద నుంచి లేచి వచ్చారు. "ఏడుపు పాట వద్దన్నడు బేటా మీ బాపు. ఆ ముక్క నా ముంగటనే అన్నడు. పాట ఏదో నాకెరుక లేదు. ఈ బిడ్డ అబద్ధం ఆడది. రోజు ఆమె తీర్పు చూసినోన్ని" అన్నారు.

బావ తండ్రి ముఖం వైపు చూశాడు. తర్వాత క్లారినెట్ అన్నకు చెయ్యి ఊపాడు.

ఆ అన్న నన్ను ఇంకొకసారి తీయమన్నాడు. నేను తీస్తుంటే వెనకాలే అందుకున్నాడు. డ్రమ్ములు మెల్లగా కలిశాయి. పాడె లేచింది. ఏడవడానికి వచ్చిన గల్లీ అంతా, పని ముగించుకున్న మనిషిని ఇంటి దాకా దింపి రావడానికి పోతున్నట్టు నడిచింది.

ఇక మిగిలింది ఒక్క ముచ్చట. అది చదివాక మాత్రం ఈ కాగితాన్ని దయచేసి కాల్చెయ్యండి. మా అత్తమ్మకు చదువు రాదు కానీ, చదివి వినిపించేవాళ్లు మా గల్లీ నిండా ఉన్నారు. ఇది మిర్చీ బజ్జీల పొట్లంగా చుట్టుకుని లాల్‌దర్వాజాకు చేరితే నా గతి ఏమిటో మీరే ఆలోచించండి.

ఆడవాళ్లం శ్మశానానికి పోము. మిగతావాళ్లు వాకిలి దాకా వెళ్లి ఏడుస్తుంటే, అత్తమ్మ కనపడలేదని నేను లోపలికి వెళ్లాను. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగకూడదు. అత్తమ్మ స్టవ్ వెలిగించి, పెద్ద గిన్నెలో నీళ్లు పెట్టి, ఉప్పు డబ్బా మూత తీస్తోంది.

"అత్తమ్మా, ఏం చేస్తున్నవ్?"

"ఇనబడ్తలేదా? మలుపు కాడికొచ్చిండ్రు" అంది, నా వైపు చూడకుండానే. "ఆ బాణీ ఇనబడ్డదంటే నీళ్లు పెట్టాలె. రాత్రంతా నడిచి నడిచి కాళ్లు పగిలి వస్తడు. ఉప్పు నీళ్లల్ల పెడితే గాని పండుకోడు."

బాణీ మలుపు దాటి పెద్ద రోడ్డు వైపు పోతోంది. దగ్గరికి రావడం లేదు, దూరమవుతోంది. నేను ఆ మాట చెప్పలేదు, స్టవ్ ఆర్పలేదు. బయటివాళ్లకు కనపడకుండా వంటింటి తలుపు దగ్గరికి వేశాను. అత్తమ్మ గుప్పిట నిండా ఉప్పు పట్టుకుని, నీళ్లు కాగడం కోసం చూస్తూ నిలబడింది. వేళ్ల సందుల్లోంచి ఉప్పు కొంచెం కొంచెం నేల మీద రాలుతోంది.