ఒత్తు లేని దూప

దయ్యాలతో నాకున్న పేచీ ఒక్కటే: దయ్యమా, దెయ్యమా? సోమాజిగూడలో ఒక పత్రికాఫీసులో ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దాను. ఆ మాట ఎదురైన ప్రతిసారీ అక్షరాలు సరిచూసి పంపించేశానే తప్ప భయపడింది లేదు, నమ్మింది లేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పను. కాకపోతే పోయిన వేసవిలో మా ఇల్లు బాగుచేయిస్తుండగా ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి రాసి పెడదామనిపించింది. తప్పెక్కడుందో నాకు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.

మా ఇల్లు అమీర్‌పేట నుంచి పంజగుట్ట వైపు వచ్చే ఒక సందులో ఉంది. రెండు పక్కలా అమ్మాయిల హాస్టళ్ళు, ఎదురుగా కోచింగ్ సెంటర్. గోడలన్నీ జావా, పైథాన్ బోర్డులే. ఇన్ని పైథాన్లున్న సందులో అందరూ నిర్భయంగా తిరుగుతుంటారు.

రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు నాన్న సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చారు. వెంట తెనాలి నుంచి అమ్మ, నాలుగేళ్ళ అక్క. రెండేళ్ళకు ఈ ఇల్లు కట్టారు. ఆఫీసుకు వచ్చే ఏదో విదేశీ పత్రికలో బొమ్మలు చూసి ప్లాను తనే గీసుకున్నారు. చదునైన కప్పు, వాకిట్లో ఏటవాలు స్తంభాలు, ఓడకున్నట్టు గుండ్రటి కిటికీ, మెట్ల పక్కన నిలువెత్తును మించిన సిమెంటు జాలీ గోడ. గృహప్రవేశానికొచ్చిన చుట్టాలు పెంకులెప్పుడు వేస్తారని అడిగారట. మా తాతయ్య అయితే రేడియో పెట్టెలో కాపరం పెట్టావేంట్రా అన్నారట. నేను ఆ రేడియోలోనే పుట్టాను. ఇల్లు నాకంటే రెండేళ్ళు పెద్దది. ఆ లెక్కన నాకు ఇద్దరక్కలు.

అసలు అక్క పేరు విశాలాక్షి. పేరు విశాలమే గాని, చూపు నలభయ్యో ఏట నుంచీ ఇరుకవుతూ వచ్చింది. మొదట పక్కలు కనిపించడం మానేశాయి. తర్వాత ఎదురుగా ఉన్నది సొరంగంలోంచి చూసినట్టయింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. బావ పోయాక మధురానగర్‌లో అపార్టుమెంట్లో ఒక్కతే ఉండేది. నున్నటి టైల్స్ నేల మీద ఎక్కడున్నదీ తెలియక రెండుసార్లు పడింది. రెండోసారి మణికట్టు విరిగింది. మా ఇంటికి రమ్మంటే, నీ ఫ్లాటులోనూ అవే టైల్స్ కదరా అంది.

అప్పుడు గుర్తొచ్చింది సందులోని ఇల్లు. అమ్మానాన్నలు పోయాక కోచింగ్ సెంటర్‌కు అద్దెకిచ్చి, పదిహేనేళ్ళుగా అటు చూడలేదు. ఖాళీ చేయించి, అక్కను తీసుకెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విడిచి, చెయ్యి పట్టుకోబోతే వద్దంది. వట్టి పాదాలతో గోడ వారగా నడుచుకుంటూ వంటింటి దాకా వెళ్ళి, చెంబు అందుకునేదానిలా ఎడమవైపు గూట్లో చెయ్యి పెట్టింది.

అది మోజాయిక్ గచ్చు. చిలకపచ్చకు తక్కువ, పాచిరంగుకు ఎక్కువ అనిపించే పాలరాతి ముక్కలు, గళ్ళుగళ్ళుగా విడదీస్తూ సన్నటి గాజు పట్టీలు. చిన్నప్పుడు ఆ గళ్ళ మీదే అక్క తొక్కుడుబిళ్ళ ఆడేది. గచ్చు అరిగి ఆ పట్టీలు వెంట్రుకవాసి పైకి తేలాయి. గుమ్మం నుంచి మెట్లకు ఏడు గళ్ళు, మెట్ల నుంచి వంటింటికి నాలుగు. మనకు కంటికి ఆననిది ఆమె అరికాలికి తెలుస్తోంది. "ఈ ఇంట్లో నాకు కర్ర అక్కర్లేదురా" అంది. ఆ మాటతో నేనూ, మా ఆవిడ సుజాతా ఫ్లాటు వదిలి అక్కతో ఇక్కడే ఉండాలని తీర్మానించుకున్నాం.

తిరుగుతూ తిరుగుతూ హాలు మధ్యలో మాత్రం ఆగిపోయింది. అద్దెకున్నవాళ్ళు వైర్ల కోసం గచ్చు తవ్వి, మూడు గళ్ళ మేర మామూలు సిమెంటు పూశారు. అక్కడ పట్టీలు లేవు. ఆ మూడు గళ్ళలో అక్క దారి తప్పి గోడకు తగిలింది.

పని చూసిపెట్టడానికి హరిత అనే ఇంటీరియర్ డిజైనర్‌ను పెట్టుకున్నాం. విజయవాడ పిల్ల. ఇల్లు చూసి మురిసిపోయింది. దీన్ని మిడ్ సెంచరీ మోడర్న్ అంటారు సార్, ఇప్పుడిదే ట్రెండ్ అంది. అరవయ్యేళ్ళు మేం పాత ఇల్లనుకున్నది మోడరన్ అని ఆ రోజే తెలిసింది. ఆ వరసలో నాకూ కొంత ఆశ కలిగింది గాని, నన్ను చూసి అలా ఎవరూ అనలేదు.

జాలీ గోడకు తెల్లరంగు, గుండ్రటి కిటికీకి కొత్త అద్దం, టేకు తలుపులకు పాలిష్, అన్నీ కుదిరాయి. గచ్చు దగ్గరే చిక్కొచ్చింది. మూడు గళ్ళు పూడ్చాలంటే అదే రంగు చిప్సు కావాలి. పాలరాతి ముక్కల్ని ఆ పనివాళ్ళు చిప్సనే అంటారు. తినే చిప్సు అమీర్‌పేటలో అడుగడుక్కీ దొరుకుతాయి. ఈ చిప్సు మాత్రం ఊరంతా వెతికినా దొరకలేదు. ఆ రాయి ఇప్పుడు రావడం లేదన్నారు. వేరే రంగు వేసైనా పూడుద్దామంటే, నేల పని కాంట్రాక్టరు మోహన్‌జీ తన మనుషులకు టైల్స్ తప్ప ఈ పని రాదన్నాడు. హాలంతా టైల్స్ పరవడమే దారని హరిత తేల్చింది. టైల్స్ పెట్టెలు వాకిట్లోకి వచ్చేశాయి. మంగళవారం పరవడం మొదలు.

 సోమవారం పొద్దున అక్క నాతో, "పరిచెయ్యండ్రా. నాకు మళ్ళీ కర్ర కొనిపెట్టు, చాలు" అంది. ఆ చాలు నాకు చాలా కాలం వినిపించింది.

ఇక్కడ ఎల్లయ్య మేస్త్రి గురించి చెప్పాలి. ఆ గచ్చు వేసింది ఆయనే. నల్లగొండ దిక్కు మనిషి. ఎండాకాలంలో పని. అక్కకప్పుడు ఆరేళ్ళు. "బిడ్డా, దూపైతుంది. అమ్మకు చెప్పు" అన్నాడట. దూప అంటే దాహం. తెనాలి పిల్లకు ఆ మాటెలా తెలుస్తుంది? పరుగెత్తుకెళ్ళి మేస్త్రికి ధూపం కావాలట అని చెప్పింది. ఇక్కడివాళ్ళు గచ్చు వేసేముందు ధూపం వేస్తారు కాబోలు అనుకుంది అమ్మ. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పళ్ళెంలో పెట్టి అక్క చేతే పంపింది. ఎల్లయ్య ఇది ఆంధ్రోళ్ళ ఆచారం కాబోలు అనుకున్నాడు. కాదంటే బాగుండదని, చేతులు తుడుచుకుని, పొగను కళ్ళకద్దుకుని దండం పెట్టాడు.

సాయంత్రం నాన్న వచ్చేదాకా ఆ మర్యాద అలాగే సాగింది. దూప మాత్రం తీరలేదు. ఒక్క ఒత్తు తప్పు పడితే ఒక మనిషి గొంతు పూటంతా ఎండిపోయిందన్నమాట. నేను ప్రూఫులు దిద్దే పనిలో చేరినప్పుడు, ఇంట్లో ఒకరైనా ఒత్తులు చూసుకునేవాళ్ళున్నార్లే అంది అమ్మ.

ఆ తర్వాత సున్నాలకనీ, చిన్న చిన్న రిపేర్లకనీ ఎల్లయ్య ఏళ్ళ తరబడి వస్తుండేవాడు. నాకూ గుర్తున్నాడు. అమ్మనడిగే నీళ్ళు తాగేవాడు, గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునేవాడు. తాగాక జాలీ గోడలో పైనుంచి రెండో వరుస కంతలో గ్లాసు బోర్లించేవాడు. అది కొలిచి కట్టినట్టు సరిగ్గా పట్టేది. అక్కను మాత్రం మళ్ళీ ఎప్పుడూ నీళ్ళడగలేదు. చూసి నవ్వేవాడు, అంతే. ఆ నవ్వు అక్కకు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒక్కసారైనా అడిగితే తెచ్చిద్దామని ఎదురు చూసేదట. నేను కాలేజీలో ఉండగా ఆయన పోయాడు. దశదిన కర్మకు నాన్న ఆ ఊరు వెళ్ళొచ్చారు. పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదని ఆయనే చెప్పారు.

ఇక ఆ సోమవారం. మధ్యాహ్నం రెండు ప్రాంతం. పనివాళ్ళు అన్నానికి వెళ్ళారు. సుజాత ఫ్లాటులో సామాన్లు సర్దుతోంది. నేను పంజగుట్టలో లైట్లు చూడ్డానికి వెళ్ళాను. అక్క వాకిట్లో పేము కుర్చీలో కూర్చుని ఉంది. నేను తిరిగొచ్చేసరికి అక్కడే ఉంది. మొహంలో ఏదో తేడా.

"మీ మోహన్‌జీ మనుషుల్లో ముసలాయన ఎవరో వచ్చాడురా. దూపైతుందంటే నీళ్ళిచ్చాను. గచ్చు సంగతి అడిగితే చెప్పాను. మిగిలిన చిప్సు మెట్ల కింద గూట్లో ఉంటయి బిడ్డా, మూసి గిలాబు చేసిండ్రు, జర తట్టి సూడుండ్రి అన్నాడు. ఒకసారి చూడకూడదూ?"

గిలాబు అంటే గోడకు పూసే సిమెంటు పూత. మాట విన్నాను గాని పట్టించుకోలేదు. లైట్లు నచ్చలేదన్న చిరాకులో ఉన్నాను. మోహన్‌జీ వచ్చాక, మీవాళ్ళలో దూప అన్న పెద్దాయనెవరని మాటవరసకు అడిగాను. ఆయన రాజస్థానీ. కాసేపు నన్ను అయోమయంగా చూసి, మేడ వైపు చెయ్యి చూపించాడు.

"ధూప్? ధూప్ తో ఊపర్ హై, సాబ్."

హిందీలో ధూప్ అంటే ఎండ. ఎల్లయ్యకు దాహం, అమ్మకు పొగ, ఈయనకు ఎండ. నాకు నవ్వొచ్చింది. సగం నవ్వులో ఆగిపోయాను. మోహన్‌జీ మనుషులు ఐదుగురూ బీహారు వాళ్ళు. ఒక్కరికీ తెలుగు ముక్క రాదు. అందరిలో పెద్దవాడికి నలభై ఉండవు. అక్కతో దూపైతుందని ఎవరన్నారు?

మెట్ల కింద ఒక చిన్న అలమర ఉంది. చీపుళ్ళూ పాత పేపర్లూ పెట్టుకునేవాళ్ళం. లోపలికి దూరి వెనక గోడ తట్టాను. కుడివైపు గట్టిగా పలికింది. ఎడమవైపు కుండలా పలికింది. మోహన్‌జీ మనిషి ఉలితో నాలుగు దెబ్బలు వేసేసరికి ఒక వరస ఇటుకలు ఊడొచ్చాయి. వెనక గూడు. గూట్లో గోనెగుడ్డ కప్పిన రెండు కిరసనాయిలు డబ్బాలు. ఒకదాన్నిండా పాలరాతి ముక్కలు. చిలకపచ్చకు తక్కువ, పాచిరంగుకు ఎక్కువ. రెండోదాంట్లో పాత వార్తాపత్రికలో చుట్టిన గాజు పట్టీలు, పదిహేను దాకా ఉన్నాయి.

నాన్నకు ఈ గూడు సంగతి తెలియదు. తెలిసుంటే ప్లానులో ఉండేది. ఆయన మేకు కొట్టినా ప్లానులో గుర్తు పెట్టుకునే మనిషి. అక్కకూ తెలిసే అవకాశం లేదు.

నాకు చేతనైనంత విచారించాను. అడ్డా మీద కూలీలను అడిగాను. మా ఇంట్లో పని సంగతే ఎవరికీ తెలియదు. పక్క హాస్టల్ గేటు మీది కెమెరాలో చూపించమంటే, వార్డెనమ్మ పాపం ఓపిగ్గా చూపించింది. ఆ కెమెరాకు మా గేటులో సగమే కనిపిస్తుంది. అదీ ఎప్పుడూ మూసి ఉండే సగం. నా పరిశోధనకు తగ్గ సాక్ష్యం.

ఆ సాయంత్రం సుజాత వచ్చి, స్టీలు గ్లాసు ఒకటి తక్కువైందని వెతికింది. జాలీ గోడలో, పైనుంచి రెండో వరుస కంతలో దొరికింది. బోర్లించి ఉంది. నేను మునివేళ్ళ మీద లేచి తీశాను. అక్క నాకంటే జానెడు పొట్టి.

టైల్స్ పెట్టెలు వెనక్కి పంపించాం. హరిత ఎక్కడినుంచో మోజాయిక్ పని తెలిసిన ఒక మేస్త్రిని వెతికి తెచ్చింది. మూడు గళ్ళు పోసి, పట్టీలు నిలిపి, వారం ఆరబెట్టి, నునుపు తేలేలా రాయి పెట్టి తిప్పాడు. చివర్న కడిగిన నీళ్ళు బూడిద రంగులో వాకిట్లోకి పారుతుంటే చిన్నప్పటి వాసన వేసింది. తడి సిమెంటు వాసనేనని హరిత అంది. అదే అయ్యుంటుంది.

గచ్చు ఆరిన రోజు అక్క గుమ్మంలో చెప్పులు విడిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో గడిలో ఒక్క క్షణం ఆగింది. అరికాలితో పట్టీని ఇటూ అటూ తడిమింది. ఐదు, ఆరు, ఏడు. మెట్ల దగ్గర జాలీ గోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది.   

తర్వాత, నాకొక్కడికే వినబడేలా అంది.

"ఆ రోజు ఒక మాట చెప్పలేదురా. కళ్ళ డాక్టరు చాలు, ఇంకో డాక్టరు దగ్గరికి కూడా తిప్పుతారేమోనని. గ్లాసు అందిస్తే ఆయన గటగటా తాగాడు. తాగి నవ్వాడు. 'ఈసారి నీళ్ళే తెచ్చినవు బిడ్డా' అన్నాడు."

అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. పగటికలేమో అనుకుందామంటే డబ్బాలున్నాయి. ఎవరో దారినపోయే పెద్దాయన అనుకుందామంటే ఆ మాట ఉంది. సాంబ్రాణి సంగతి తెలిసినవాళ్ళలో అక్కా, నేనూ, సుజాతా తప్ప ఎవరూ మిగల్లేదు. ఇది ఎటు తిప్పి చదివినా నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాదు.

ఈ కాగితాలు అక్కకు చదివి వినిపించాను. అంతా విని, దూపకు ఒత్తు పెట్టలేదు కదా అని ఒక్కటే అడిగింది. లేదన్నాను.

అయినా మళ్ళీ ఒకసారి చూసుకున్నాను.