కృష్ణవేణమ్మ పోసిన లాల

గిద్దలూరులో కృష్ణవేణమ్మ ఉండే వీధిలో ఆమె కాళ్ళ మీద లాల పోయించుకోని పిల్ల లేదంటే నమ్మండి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, నూనె రాసి, వేడినీళ్ళు పోసిందంటే ఎంత పేచీకోరు బిడ్డయినా నిద్రలోకి జారుకోవాల్సిందే.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట పేగుకు రక్తం పోయే నరం మూసుకుపోయి, చిన్నపేగు నల్లబడిపోయింది. చెన్నైలో దాన్ని తీసేసి, చనిపోయిన ఎవరో పుణ్యాత్ముడి పేగు తెచ్చి కుట్టారు. అది పరాయి పేగని ఒళ్ళు తరిమెయ్యకుండా రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలతో రోగాన్ని తట్టుకునే బలమూ తగ్గిపోతుంది. "విరేచనాలయ్యే చంటిపిల్లల జోలికి పోవద్దు" అని డాక్టర్లు మరీమరీ చెప్పి పంపారు.

కూతురు భ్రమరాంబ తొలికాన్పుకు వచ్చింది. మనవరాలు పుట్టినా అమ్మమ్మ దూరం నుంచే చూసి సరిపెట్టుకుంది. ఒకరోజు లాల పోసే చెంచమ్మ రాలేదు. పిల్లకేమో విరేచనాలు. తల్లికి నీళ్ళు పోయడం చేతకాదు.

"ఇట్ల తే, నేను పోస్తా."

"వద్దమ్మా, డాక్టరు ఏం చెప్పినాడు?"

"ఆయనకు మనవరాళ్ళు లేరేమో! ఊరి పిల్లలందరికీ పోసినా, నా బిడ్డ బిడ్డకు పోయకపోతే ఈ కాళ్ళెందుకే నాకు?"

భర్త మాలకొండయ్య వాకిట్లోంచి కేకేశాడు. "ఏమే, చెవులున్నాయా నీకు?"

"నువ్వు పోయి బర్రెకు గడ్డేసుకోపో. సబ్బుతో కడుక్కుంటాలే."

నీళ్ళు పోస్తుండగానే పిల్ల ఆమె కాళ్ళ మీదే చేసుకుంది. "అబ్బ, ఏం పెట్టినావే నా తల్లీ!" అని నవ్వుతూ చేత్తోనే కడిగేసింది కృష్ణవేణమ్మ. మాలకొండయ్య చెయ్యి పట్టుకుని లాగొచ్చు. లాగలేదు. రెండేళ్ళ తర్వాత ఆమె మొహంలో నవ్వు చూస్తున్నాడు మరి, ఏ మొగుడు లాగుతాడు?

పిల్లకు తగ్గింది. ఆమెకు పట్టుకుంది. మంచం దిగలేని మనిషిని అంబులెన్సులో మళ్ళీ చెన్నై తీసుకుపోయారు.

పేగు ముక్క తీసి పరీక్ష చేసి, పిల్ల నుంచి అంటుకున్న వైరసే అని తేల్చారు. "చంటిపిల్లకే తగ్గింది కదయ్యా, ఈమెకెందుకు తగ్గదు?" అని అడిగాడు మాలకొండయ్య.

"పిల్ల ఒళ్ళు వైరస్‌తో పోట్లాడింది, పెద్దాయనా," అన్నాడు తెలుగు వచ్చిన డాక్టరు. "ఈమె ఒంటిని మేమే మాత్రలతో కట్టేశాం. మాత్రలు తగ్గిస్తే వైరస్ మీద తిరగబడుతుంది, కొత్త పేగు మీదా తిరగబడొచ్చు. తగ్గించకపోతే విరేచనాలు ఆగేట్టు లేవు. కొంచెం తగ్గించి చూద్దాం."

"తగ్గిస్తే బాగైతదా?"

"చెప్పలేం."

పంటకు తెగులొస్తే ఏ మందు కొట్టాలో ఊరంతా ఆయన్నే అడిగేది. ఇక్కడ సరే అనడం తప్ప ఆయనకేం తెలుసు?

కృష్ణవేణమ్మ ఎండిపోయిన నోటితో అడిగింది. "పాపకెవరు పోస్తాండారు?"

"చెంచమ్మ."

"ముక్కులోకి నీళ్ళు పోకుండా నుదురుకు చెయ్యి అడ్డం పెడతాందంటనా?"

"పెడతాందిలే," అన్నాడు. ఆయన ఆ మాట ఎవరినీ అడగలేదు.

పూటకు రెండు మింగే మాత్ర ఆ పూట ఒక్కటే ఇచ్చింది నర్సు. ఆయనే ఆమె నోట్లో వేశాడు. తను పెట్టింది మేలో కీడో తెలియక, ఆమె మింగేదాకా గొంతు వైపే చూస్తూ నిలబడ్డాడు.