మెడ దాకా గుండీలు

మా చిన్నప్పుడు పింఛను రోజు వచ్చిందంటే ఇంట్లో మొదటి పని పొయ్యి వెలిగించడం కాదు... తాత షేర్వానీకి కాలరు కుట్టడం.

నాయనమ్మ సందూకు తెరిచి నల్ల షేర్వానీ తీసేది. తాత చొక్కాలు ఎప్పుడో చిరిగి పీలికలయ్యాయి. వాటిలో కాస్త బాగున్న తెల్ల కాలరు, చేతుల పట్టీలు కత్తిరించి దాచిపెట్టింది. వాటిని ఉతికి, గంజి పెట్టి, షేర్వానీ మెడకూ చేతులకూ లోపలివైపు నుంచి టాకాలు వేసేది. తాత అది తొడుక్కుని మెడ దాకా గుండీలు పెట్టుకుంటే, లోపల మంచి తెల్ల చొక్కా ఉందనే అనుకునేవారు అందరూ.

లోపల ఒళ్లు తప్ప ఏమీ లేదని మా ఇంటికి మాత్రమే తెలుసు. పైన పటారం, లోన లొటారం అని నాయనమ్మే నవ్వేది... ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

తాత నిజాం కాలంలో కచేరిలో గుమాస్తా. షేర్వానీ లేకుండా కచేరి గడప తొక్కనిచ్చేవారు కాదట. పొద్దున్నుంచి దీపాల వేళ దాకా జంపఖానా మీద కూర్చుని ఉర్దూలో కాగితాలు రాయడమే పని. పెద్ద సాబు ఊళ్ల తనిఖీకి దౌరా బయల్దేరితే కాగితాల కట్టలు మోసుకుంటూ సొంత ఖర్చుతో వెనకాల తిరగాలి. పండగ వస్తే ఆ సాబుకే నజరానా ఇచ్చుకోవాలి. జీతం చేతికి రాకముందే సావుకారు వచ్చి వాకిట్లో కూర్చునేవాడట.

"సర్కారు నౌకరి అంటె ఊరంత సలాం కొడ్తది బిడ్డా... సలాం ఉడకవెడ్తె అన్నం అయితదా?" అనేవాడు తాత.

రాజ్యం మారింది, ఉర్దూ పోయింది, నౌకరీ అయిపోయింది. ఎప్పుడో నిజాం హాలీ రూపాయల కాలంలో లెక్కకట్టిన పింఛను మిగిలింది. అది జొన్నలకే చాలేది కాదు. అయినా షేర్వానీ లేకుండా, పింఛను ఇచ్చే ఖజానాకు వెళ్లమంటే మాత్రం ససేమిరా అనేవాడు. ఒకసారి నాయనమ్మ, కండువా కప్పుకుని పోరాదా అంది. ఆ రోజంతా తాత అన్నం ముట్టలేదు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మేము తాండూరులో ఉండేవాళ్లం. నాన్న బండల గనికి పనికి పోయేవాడు. తాతకు చూపు మందగించింది కాబట్టి తోడు నేనే. పాసింజరు బండిలో వికారాబాద్ దాకా, అక్కణ్నుంచి ఖజానాకు నడక... 

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. ముందు నెల పింఛను రాలేదు, కిరాణా దుకాణంలో ఉద్దెర బందయింది. ఖజానా వరండాలో ముసలివాళ్లంతా గోడ వెంట నిలబడ్డారు. పేరు పిలిస్తే లోపలికి వెళ్లి ముఖం చూపించాలి. మనిషి బతికే ఉన్నాడని వాళ్లు నమ్మితేనే డబ్బు.

తాత వెనకాలే ఖాదర్ సాబు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే కచేరిలో, ఒకే జంపఖానా మీద పక్కపక్కన కూర్చుని రాసినవాళ్లు. ఆయనకూ అలాంటి షేర్వానీయే, అలాంటి తెల్ల కాలరే. ఖాదర్ సాబుకేం, కొడుకులు అక్కరకొచ్చారు అనేవాడు తాత.

ఎంతసేపు నిలబడ్డామో... తాత చెయ్యి నా చేతిలో చల్లబడింది. చూస్తుండగానే గోడకు జారి కూలబడిపోయాడు.

అందరూ మూగారు. ఎవరో ముఖం మీద నీళ్లు చల్లారు. గాలి ఆడాలని ఖజానా జవాను వంగి గుండీలు విప్పబోయాడు. కళ్లు మూతలు పడుతున్నా తాత రెండు చేతులతో మెడ దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. జవాను లాగుతున్నాడు, తాత వదలడు. విప్పితే ఇంతమందిలో తాత పరువు పోతుంది. విప్పకపోతే తాతే పోతాడు. విప్పండి అనలేను, వద్దనలేను... ఏడుస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత నా బతుకులో కష్టాలు చాలా వచ్చాయి కానీ అంత దిక్కుతోచని నిమిషం ఇంకోటి రాలేదు.

ఖాదర్ సాబు అందరినీ జర అవతలికి జరగమన్నాడు. తాత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. జనానికి వీపు పెట్టి, తన షేర్వానీ గుండీలు తానే విప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనిపించింది... తెల్ల కాలరుకు టాకాలు. దాని కింద నెరిసిన వెంట్రుకల ఛాతీ.

"నాది గూడ గంతే రావ్ సాబ్... ఇడువు."

తాత చేతులు వదిలాయి.

కాసేపటికి నీళ్లు తాగి తేరుకున్నాడు. ఇద్దరూ గోడవైపు తిరిగి, గుండీలు తెరుచుకుని కూర్చున్నారు. ఇప్పుడు నవ్వుకుంటారనుకున్నాను. నవ్వలేదు.

"ఇన్నేండ్లు పక్కకే కూసుంటివి. ఒక్కనాడన్న చెప్పకపోతివి ఖాదర్ భాయ్" అన్నాడు తాత.

"నువ్వు చెప్పినవా?" అన్నాడు ఆయన.

లోపలి నుంచి తాత పేరు పిలిచారు. ఖాదర్ సాబే తాత గుండీలు ఒక్కొక్కటిగా మెడ దాకా పెట్టాడు. తాత లేచి లోపలికి వెళ్లి, బతికే ఉన్నానని చూపించుకుని వచ్చాడు.

తిరుగు బండిలో నాతో ఒక్కటే మాట అన్నాడు. ఖాదర్ సాబు సంగతి నాయనమ్మకు కూడా చెప్పొద్దని. నేను చెప్పలేదు.

ఇప్పుడు నా పింఛను ఫోనులో టింగుమని వచ్చి పడుతుంది. బతికున్నానని చూపించడానికీ ఆ ఫోనే చాలు. మా అబ్బాయి రోజూ వికారాబాద్ నుంచి హైదరాబాద్‌కు ఉద్యోగానికి వెళ్లొస్తాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు... కానీ నెల మొదట్లో, కిస్తీలు కట్టే రోజుల్లో, ఫోను మోగితే చాలు, చూసి బోర్లా పెడతాడు. ఎవరురా అంటే, ఎవరూ కాదమ్మా అని అన్నం కలుపుతూ కూర్చుంటాడు. ఖాదర్ సాబులా ముందు నా గుండీ నేను విప్పి వాడి ఎదురుగా కూర్చోవాలని ఉంటుంది... ధైర్యం చాలదు.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏ గుండీల వెనక ఏం దాచుకున్నారో... చెప్పాలనిపిస్తే కింద రాయండి. వద్దనిపిస్తే వద్దు, నాకు తెలుసు.